వాన చూసి విప్పేసిన గుడారాలు

అలా కాదే మనవరాలా, వానతో మొదలెడితే ఏం తెలుస్తుంది? ముందు నీ గది సంగతి రాయి. నీకు తెలుసు సరే, మీ నాయనమ్మకు తెలియదుగా. నేను నిదానంగా చెబుతాను, నువ్వూ నిదానంగా రాయి. పొయ్యి మీద ఏమీ లేదుగా? మరింకేం.

రాయి. మన పిల్ల, అంటే నువ్వే, ఈ దేశానికి చదువుకు వచ్చి ఆరు నెలలైంది. ఉండేది ఒక ముసలావిడ ఇంటి మీద గది. మంచం దిగితే బల్ల, బల్ల దాటితే తలుపు. కాలేజీకి రెండు బస్సులు మారాలి. ఆదివారం ఒక్కరోజే వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది, మూతల మీద సోమ, మంగళ అని రాసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటుంది. నాకు చదువు రాదాయె. దీన్ని చూడ్డానికి నేను వచ్చిన కొత్తలో సోమవారం నాడే గురువారం తినేశాను. నవ్వకు, రాయి.

ఇప్పుడు అసలు సంగతి. కాలేజీ పక్కనే ఒక ఇల్లుంది. మన పిల్లతో చదివే ముగ్గురు ఆడపిల్లలు అందులో అద్దెకుంటున్నారు. నాలుగో గది ఖాళీ. ఆ గది మీద మన పిల్ల ప్రాణం కొట్టుకుంటోంది. ఆ ముగ్గురికీ పెద్దదిక్కులా ఉండే పొడుగమ్మాయికి మాత్రం ఒక అనుమానం. "ఈ పిల్ల నోరు విప్పదు, గోడతో కాపురం చేసినట్టుంటుందేమో" అని. అందుకే శని, ఆదివారాలు చెరువు గట్టున గుడారాలేసుకుని ఉందాం, నువ్వూ రా అని పిలిచారు. పెళ్లిచూపులే అనుకో. పెళ్లికొడుకు బదులు గది.

"నిన్నొక్కణ్ణీ వదిలి ఎలా వెళ్లను తాతయ్యా? రానని చెప్పేస్తా" అందిది.

"నన్నూ తీసుకుపోవే. కుర్చీ వేస్తే కూర్చుంటా, లెమ్మంటే లేస్తా" అన్నాను.

అటు ఫోనులో మీ నాయనమ్మ ఒట్టు వేయించుకుంది. "అక్కడ దేని మీదా చెయ్యి పెట్టకు. నీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు" అని. సరే, వేశాను.

శనివారం పొద్దున్నే రైలు దిగి అరగంట నడిచాం. చెరువు గట్టు పచ్చగా ఉంది, అక్కడక్కడా చెట్లు. ఆ ముగ్గురూ మూడు గుడారాల సంచులు విప్పి, కాగితం చూసుకుంటూ వేయడం మొదలెట్టారు. ఒకమ్మాయి గుంజ పట్టుకుంటే ఇంకోటి పడిపోతుంది. నలభై ఏళ్లు పెళ్లిళ్లకీ దినాలకీ శామియానాలు వేసినవాణ్ణి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. గంట పట్టింది. మేకులు నిటారుగా దిగ్గొట్టారు. మేకన్నాక కాస్త ఏటవాలుగా ఉండొద్దూ? పళ్లు బిగబట్టాను. మన పిల్లేమో వాళ్ల మధ్య నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూర్చుంది.

మా పక్కనే ఒక గడ్డమాయన, పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఇంకో గుడారం వేసుకున్నారు. భోజనాలయ్యాక అందరూ పడవెక్కడానికి పోయారు. నన్ను కాపలా పెట్టారు.

కాసేపటికి కొండ వెనకనుంచి మబ్బు లేచింది. నల్లగా, కడుపు నిండినట్టు. ఇక నా చెయ్యి నాది కాదు. మా పనిలో మొదటి పాఠమదే. మబ్బు కనబడగానే గుడ్డ దించు. తడిసిన శామియానా నలుగురు మోస్తే లేవదు, వారంలో బూజు పడుతుంది. మంత్రిగారి సభలో కూడా మంత్రిగారి నెత్తి మీదనుంచే దించాను.

పావుగంటలో మూడు గుడారాలూ విప్పి, మడిచి, తాళ్లు చుట్టి చెట్టు కింద పేర్చాను. పాపం గడ్డమాయనది మాత్రం తడవనిస్తానా? అదీ దించాను. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాను.

చినుకులు మొదలయ్యాయి. అందరూ తల దాచుకోవడానికి గుడారాలకేసి పరుగెత్తుకొచ్చారు. గుడారాలేవి?

గడ్డమాయన ఆవు తప్పిపోయినవాడిలా నాలుగువైపులా చూశాడు. పొడుగమ్మాయి ఏదో అంది, మన పిల్ల నాకు తెలుగులో చెప్పలేదు. దాని మొహం మాత్రం పాలిపోయింది.

"తాతయ్యా, ఇవి వాన కోసమే పుట్టిన గుడారాలు! తడిసినా ఏం కాదు!"

"మరి ముందే చెప్పొద్దూ? మా పనిలో గుడ్డ తడవకూడదని మనుషులు తడుస్తారు."

"అయిపోయింది. ఆ గది ఇక నాకివ్వరు" అంది మెల్లగా.

నేను పట్టా మీంచి లేచాను. "ఇస్తారో లేదో తర్వాత. ముందు గొంతు విప్పు. నేను చెప్పింది వాళ్ల భాషలో అరిచి చెప్పు" అన్నాను.

ఆ గుడారాలకు పైగుడ్డ విడిగా ఉంటుంది. నాలుగు పైగుడ్డలూ లాగి, అంచుకు అంచు కట్టించాను. రెండు చెట్ల మధ్య తాడు బిగించాను. "లాగండి!" అన్నాను. మన పిల్ల అరిచింది. "ఆ గడ్డమాయన్ని గుంజ పట్టుకోమను!" మళ్లీ అరిచింది. "పొడుగమ్మాయీ, ఆ ముడి చూస్తే నీళ్లకే నవ్వొస్తుంది, విప్పు!" అన్నాను. అది కూడా అన్నట్టే చెప్పేసింది. పొడుగమ్మాయి పగలబడి నవ్వి, ముడి విప్పి గుడ్డ రెండో కొస పట్టుకుంది. మన పిల్లా నవ్వింది. నడుం మీద చెయ్యేసి, జుట్టు తడిసి కారుతుంటే, అందరినీ హడలెత్తించేసింది. ఇది మన వంశమేరా అనుకున్నాను.

మధ్యలో గుంజ ఎత్తేసరికి నీళ్లు నాలుగుపక్కలా జారిపోయాయి. తొమ్మిదిమందిమీ ఒకే శామియానా కింద చేరాం. గడ్డమాయన చిన్న పొయ్యి వెలిగించి టీ కాచాడు. నా భుజం తట్టి ఏదో అన్నాడు. "వచ్చే శనివారం వస్తారా అంటున్నాడు, కానీ వాన లేనప్పుడట" అంది మన పిల్ల.

పొడుగమ్మాయి టీ గ్లాసు పట్టుకుని మన పిల్ల పక్కకొచ్చి కూర్చుంది. "నీకింత గొంతుందా? ఆరు నెలలు ఎక్కడ దాచావు?" అందట. తర్వాత, "సామాన్లు ఎప్పుడు తెస్తున్నావు?" అందట. మన పిల్ల నా చెయ్యి పట్టుకుని నొక్కింది, అంతే.

రాశావా? బుధవారం గది మారుతున్నామనీ రాయి. ఇక దీన్ని మీ నాయనమ్మకు ఫోనులో చదివి వినిపించు. ఒట్టు తప్పిన చోట గొంతు తగ్గించకు, తిడితే తిట్టనీ. చివర ఇంకొక్క ముక్క. నలభై ఏళ్లు వానొచ్చినప్పుడల్లా గుడ్డ రెండో కొస పట్టుకుని నాతోపాటు తడిసింది తనే. ఈసారి ఆ కొస పొడుగమ్మాయి పట్టుకుంది గానీ, మీ నాయనమ్మ అంత బిగువు లేదు. ఆ ముక్క కాస్త నిదానంగా చదువు.