రెప్పవెంట్రుక

రోజూ ఎనిమిదికల్లా కూతురు కోమలికి డబ్బా కట్టిచ్చి, జయంతి కుట్టుమిషన్ ముందు కూర్చునేది. కొర్లగుంటలో ఆ వీధి జాకెట్లన్నీ ఆమె కాళ్ళ మీదే నడిచేవి.

కోమలి యూనివర్సిటీలో నులిపురుగుల మీద పరిశోధన చేస్తోంది. కంటికి సరిగ్గా ఆనని పురుగులు. ఆయుష్షు మూడు వారాలు. వారం దాటితే నెమ్మదిస్తాయి, రెండో వారం దాటితే పడకేస్తాయి. రోజూ పదకొండింటికి ఒక్కోదాన్ని మెత్తటి వెంట్రుకతో తాకి, అర నిమిషంలో ఎన్ని మెలికలు తిరిగిందో రాసుకోవాలి. తన రెప్పవెంట్రుకలు బిరుసని, అమ్మది ఒకటి పీకి పుల్లకు అంటించుకుంది.

ఈసారి పురుగులు ముసలివి కాలేదు. పదిహేనో రోజు కూడా మూడో రోజులాగే మెలికలు తిరిగాయి. ముసలితనం ఆపడానికి తను పురుగులకు ఇప్పించిన మందే పనిచేసిందని గైడు ధనంజయ సార్ మురిసిపోయి, పేపరు రాయమన్నాడు.

ఇక్కడ పదకొండు కొట్టగానే జయంతి కాళ్ళు మిషన్ మీద బిగుసుకునేవి. పక్కింటి మునిలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "పాప పురుగుల్ని తాకతా ఉంటాదిలే అక్కా, పన్నెండుకి సర్దుకుంటాది" అనేది. రానురాను పన్నెండుకీ సర్దుకోలేదు. గోడ పట్టుకుని నడిచే రోజు వచ్చింది.

ఆదివారం కోమలి తలకు పోసుకుంటుంటే, జయంతి ఆమె సంచిలోంచి పుల్ల తీసింది. తన వెంట్రుక ఊడబెరికి గుండుసూదుల డబ్బాలో దాచి, పెయింటు బ్రష్షుది అంటించింది.

సోమవారం మిషన్ ఆగలేదు. ల్యాబులో పురుగులు పడుకున్నాయి. పాత లెక్కలు నిజమేనా అని సార్ అందరి ముందూ అడిగాడట. కోమలి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద కలపలేదు.

జయంతికి తల కొట్టేసినట్టయింది. బిడ్డ దగ్గర తన కాళ్ళ కోసం బేరమాడే తల్లి ఉంటుందా? డబ్బాలోంచి వెంట్రుక తీసి కంచం పక్కన పెట్టింది.

"నేనే మార్చినాను పాపా. మళ్ళా అంటించుకో."

కోమలి తలెత్తలేదు.

"మార్చినావని పొద్దున చూడంగానే తెలిసిందిమా. అంతకుముందుదీ తెలుసు. నువ్వు గోడ పట్టుకోని నడిచేది చూస్తానే, రోజూ పోయి తాకినాను."

అన్నం చల్లారింది. ఇద్దరిలో ఎవరూ ఇంకొకరి మొహం చూడలేదు.

మర్నాడు కోమలి సార్ ముందే లెక్కలన్నీ కొట్టేసింది. పేపరు పోయింది, చదువు ఇంకో ఏడాది సాగింది. బ్రష్షు వెంట్రుకతో కొత్త పురుగుల్ని ఒకటో రోజు నుంచి తాకింది. అవి వాటి వేళకు అవి ముసలివయ్యాయి.

జయంతి కాళ్ళు ఇప్పుడు బిగుసుకోవు. అయినా పదకొండు కొట్టగానే తనే మిషన్ ఆపి, పన్నెండు దాకా తల వంచుకుని కూర్చుంటుంది.