పగలు కూడా ఒర్రే పురుగులు

అయినా గోరంత పురుగుకు ఇంత గొంతెక్కడిది, ఒంట్లో చిటికెడు కండ లేదు, మా సర్పంచి మైకు పట్టుకుని అరిచినా ఇంత దూరం వినబడదు, కట్టెల మోపు కింద కీచురాళ్లు ఒక వరస, బీరపందిరి మీద ఆకుపచ్చ మిడతలు ఇంకో వరస, అవి ఆగితే ఇవి, ఇవి ఆగితే అవి, అసలు ఆగితే కదా, వాకిట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని వింటున్నాను, దసరా తర్వాత వీటిని వినడం ఇదే మొదలు, రోజూ ఈ వేళకు ఇంట్లో రెండు సాంచలు ధనాధనా కొట్టుకుంటూ ఉంటాయి, కరెంటు మీద నేసే మగ్గాలు, నేను కూలికి నేసిన భివండిలోనే పాతవి కొని లారీకెత్తించి తెచ్చాను, అవి నడుస్తుంటే పెరట్లో పిడుగు పడ్డా తెలియదు, ఇవాళ అమావాస్య, అమావాస్య నాడు మా నేతగాళ్లు మగ్గం ముట్టరు, తాత ముట్టలేదు, బాపు ముట్టలేదు, నేను మాత్రం సాంచకు అమాసేందే, కరెంటు పోయిననాడే దానికి అమాస అని నవ్వుతూ ఇన్నాళ్లూ నడిపించాను, ఈసారి నా భార్య శారద ఫ్యూజు పీకి బొడ్లో దోపుకుంది, గియాల ముట్టితే నా మీద ఒట్టే, ఒక్కనాడన్న ఇల్లు ఇల్లు లెక్క ఉండనియ్యవా అంది, సరే అన్నాను, ఇల్లు ఇల్లులా ఉంది, ఆమె పిల్లల్ని పక్కలో వేసుకుని హాయిగా నిద్రపోతోంది, నాకే నిద్ర లేదు, చప్పుడుకు అలవాటుపడ్డవాడిని, ఈ నిశ్శబ్దం వీపు కింద పల్లేరుకాయలా ఉంది, నిశ్శబ్దం అంటున్నాను గానీ ఎక్కడుంది, చీకటంతా కూస్తోంది.

పక్క మంచంలో అమ్మ మళ్లీ అటు పొర్లింది, నులక కిర్రుమంది, గివేం పురుగులురా పరమేశం, చెవుల దూరి ఒర్రినట్టే ఒర్రుతున్నయి అంది, ఎండకాలం గదనే, ఒర్రవా మరి, పండుకో అన్నాను, అనడం నాకు అలవాటైపోయింది, శివరాత్రి నాడు మొదటిసారి అడిగింది, అప్పుడింకా చలి కూడా పూర్తిగా పోలేదు, ఎండలు మొదలైతున్నయి గదా అన్నాను, తర్వాత ఒకనాడు మిట్టమధ్యాహ్నం, కాకి కూడా నీడకు చేరిన ఎండలో, కండెలు చుడుతూ చుడుతూ రాట్నం ఆపి, పగలు సుత ఒర్రుతున్నయేందిరా అని అడిగింది, పగలు ఒర్రే జాతి వేరే ఉంటది అమ్మా, రాతిరియి వేరు పగటియి వేరు అన్నాను, ఎంత ధీమాగా చెప్పానని, బడిపంతులు కూడా అంత ధీమాగా చెప్పడు, అప్పటికప్పుడు ఒక పురుగును పుట్టించాను, దానికి ఒక జాతి, ఒక వేళ, అమ్మ తలూపి మళ్లీ రాట్నం తిప్పింది, నా పని ఆగలేదు, దవాఖానకు ఒకపారి తోల్కపోరాదు, చెవుల జర సూపించుకుంట అని ఉగాది ముందు అడిగింది కూడా, గీ బీము దిగనీ, చౌటుప్పల్ పోదాం అన్నాను, పడుగు నూలు చుట్టిన ఆ బీము నేసి దిగింది, ఇంకోటి ఎక్కింది, అదీ దిగింది, సాంచ మీద బీము ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, ఉండకపోతే ఎలా, నా వాయిదాలకు చక్కగా సరిపోయే వస్తువు, అమ్మ మళ్లీ దవాఖాన మాట ఎత్తలేదు, పురుగుల మాటే ఎత్తింది.

ఆ చెవులు ఎలాంటి చెవులు, బాపు గుంతమగ్గం మీద నేస్తుంటే అమ్మ పొయ్యి దగ్గర ఉండి, ఆగు, పోగు తెగింది అనేది, బాపు ఆపి చూస్తే నిజంగానే తెగి ఉండేది, దీని చెవులల్ల పాము చెవులున్నయిరా అని నాతో అనేవాడు, పాముకు చెవులుంటయా బాపూ అంటే, మీ అమ్మకు ఉన్నయి గదా అనేవాడు, గంజి పెట్టిన నూలంటే కీచురాళ్లకు ప్రాణం, మగ్గం గుంతలో చేరి పోగులు కొరికేవి, ఏ మూల దూరిందో అమ్మ దీపం లేకుండా చెప్పేది, నీ ఎడమ కాలు మడమ దగ్గర అనేది, బాపు కాలు కదిపితే చటుక్కున గెంతి బయటపడేది, మేమంతా నవ్వేవాళ్లం, ఆ గుంతను నేనే పూడ్చాను, సాంచలు బిగించాలంటే నేల గట్టిగా ఉండాలి, మన్ను పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిస చేస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, సాంచలు నిలబడ్డాక రాట్నం తెచ్చుకుని సరిగ్గా తన పాత చోటే కూర్చుంది, నా జాగ గిదేరా, యాడికి పోత అంది, ఆ మాటను ఎంత అపురూపంగా దాచుకున్నాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి, మా అమ్మనే అక్కడ కూర్చుంటానంది అని, ఎవరూ అడగలేదు, పాత చోటు అదే కావచ్చు, ఇప్పుడు దానికి ఇటో సాంచ, అటో సాంచ, నడుమ అమ్మ.

హమీద్ గుర్తుకొస్తున్నాడు, ఎందుకొస్తున్నాడో తెలుసు, రావద్దనుకుంటే ఆగుతాడా, చిట్యాల హమీద్, భివండిలో నా పక్క సాంచ వాడిది, నాకన్నా ముందు అక్కడికి చేరినవాడు, తెగిన పోగుకు ముడి వేయడం దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పినవాడు, ఒకే ఖోలీలో పడుకునేవాళ్లం, పక్కలకు పక్కలు ఆనుకుని, కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో గోడ, చెట్టు లేదు, గడ్డిపోచ లేదు, ఒకనాడు నన్ను తట్టి లేపాడు, పరమేశం, బయట చిమ్మెటలు ఒర్రుతున్నయా, జర సూడు భాయ్ అన్నాడు, గీడ చిమ్మెటలు యాడియి, నీకు ఊరు యాదికొస్తాంది, పండుకో అన్నాను, మర్నాడు అందరికీ చెప్పి నవ్వించాను, హమీద్ భాయ్ చెవిలో చిట్యాల చెరువు కట్ట ఉందని, వాడూ నవ్వాడు, తర్వాత తర్వాత పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచినా పలికేవాడు కాదు, సేట్ వెనకనుంచి కేకేసినా తిరగలేదని ఒకనాడు పనిలోంచి తీసేశారు, పోతూ పోతూ నా చేతిలో దూది ముద్ద పెట్టి, నువ్వన్న చెవుల పెట్టుకో భాయ్, సాంచ తినేది చెవులనే అన్నాడు, అంటే నాకు తెలుసు, శివరాత్రి నాడు అమ్మ మొదటిసారి అడిగినప్పుడే తెలుసు, ఆమె నోట ఆ మాట రాగానే నాకు హమీద్ మొహం కళ్లకు కట్టింది, ఆ వెంటనే ఎండలు మొదలైతున్నయి గదా అన్నాను, రెప్పపాటు కూడా పట్టలేదు, ఛీ, ఎంత తొందరగా వస్తుంది మనిషికి అబద్ధం.

ఇంకొకటి ఉంది, అది నాకు నేను కూడా చెప్పుకోను, చీకట్లో ఈ పురుగుల రొదలోనైనా చెప్పుకోవాలి, నా చెవుల్లో దూది ఉంటుంది, రోజూ, హమీద్ చెప్పిన నాటినుంచి ఒక్క పూట మానలేదు, సాంచ మీద చెయ్యి వేసేముందు దండం పెట్టుకోవడం మరిచిపోతానేమో గానీ దూది మరిచిపోను, ఇల్లంతా నూలు, మూలమూలనా దూది పింజలు, అమ్మ చీర కొంగుకు కూడా అంటుకుని ఉంటాయి, అయినా అమ్మ చెవుల్లో దూది లేదు, నేను పెట్టలేదు, పెట్టాలని అనుకోక కాదు, ఒకనాడు అనుకున్నాను, వేళ్ల మధ్య ముద్ద చేశాను కూడా, ఆమె చెవులు మూసుకుంటే నేను కండె అని అరిస్తే ఎలా వినబడుతుంది, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు అయిపోయిన ప్రతిసారీ నిండు కండె చేతికి అందాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే సాంచ ఊరికే కొట్టుకుంటుంది, శారద వంటకు లేవాలి, పిల్లలు చిన్నవాళ్లు, అమ్మ చెవులు తెరిచి ఉండటమే నాకు పని, అందుకని ఆ ముద్దను నా చెవిలోనే ఇంకాస్త లోపలికి కుక్కుకున్నాను, కన్నతల్లి పక్కన కూర్చుని నా చెవులు మాత్రమే కాపాడుకున్నాను, ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకేముంటుంది, ఈ మాట శారదకు తెలిస్తే ఫ్యూజు కాదు, నన్నే పీకి పారేస్తుంది.

పడుకోలేక లేచాను, తలగడ కింద టార్చి తీసుకున్నాను, ఏం చేయాలో తెలియని మనిషి ఏదో ఒకటి చేస్తాడు, నేను పురుగుల మీద పడ్డాను, వీటి నోళ్లన్నా మూయిస్తాను, ఈ ఒక్క రాత్రన్నా అమ్మ పడుకోవాలి, పందిరి గుంజ పట్టుకుని ఊపాను, ఎండాకులు నెత్తిన రాలాయి, ఒక పచ్చమిడత టార్చి వెలుగులోకి వచ్చి ఆకులాగే కూర్చుంది, మీసాలు దానికన్నా పొడుగు, చెయ్యి విసిరితే ఎగిరి పోయింది, కట్టెల మోపును కాలితో తన్నాను, కీచురాళ్లు చప్పున ఆగాయి, చెంబెడు నీళ్లు చల్లాను, ఇంకొన్ని ఆగాయి, శారద తలెత్తి, ఏందయ్య గది, దెయ్యం పట్టిందా నడిజాముల అంది, పురుగులను ఎళ్లగొడుతున్న అన్నాను, ఎండకాలపు పురుగులను ఎళ్లగొడతవా, ఊరు మొత్తం ఎళ్లగొట్టి రాపో అని అటు తిరిగి పడుకుంది, నిజమే, నవ్వు రావలసిన మాటే, కానీ ఒక్క క్షణం వాకిలంతా నిశ్శబ్దమైంది, పెద్ద రోడ్డు మీద పోతున్న లారీ చప్పుడు కూడా వినబడింది, నాకు ప్రాణం లేచొచ్చింది, అమ్మ దగ్గరికి గబగబా నడిచాను.

నాలుగడుగులు వేశానో లేదో అన్నీ ఒక్కసారి అందుకున్నాయి, ముందుకన్నా గట్టిగా, పందిరీ మోపూ గోడా అంతా ఒకటే రొద, ఓడిపోయినవాడిలా మంచం పక్కన నిలబడ్డాను, అమ్మ కళ్లు తెరిచే ఉంది, ఇంతసేపూ నేను పడ్డ తిప్పలన్నీ చూస్తూనే ఉన్నట్టుంది, సరే చెప్పేద్దాం, ఆగుతలేవమ్మా అని చెప్పేద్దాం అనుకుని, ఎందుకో ఆ మాట రాక, వంగి, అమ్మా, ఆగినయానే అన్నాను, పలకలేదు, గట్టిగా మళ్లీ అడిగాను, అమ్మ చెయ్యి ఎత్తి నా చేతిలోని టార్చిని పట్టుకుంది, లైటు నీ మొకం మీద కొట్టుకో బిడ్డా, ఏమంటున్నవో కనవడ్తలేదు అంది, నాకు మొదట అర్థం కాలేదు, చెప్పినట్టే వెలుగు మొహం మీద వేసుకుని, ఆగినయా అన్నాను, ఆమె నా కళ్లలోకి చూడలేదు, నా పెదాల వైపు చూసింది, చూసి చిన్నగా నవ్వింది, ఆ, ఆగినయి బిడ్డా, అన్ని ఆగినయి, పోయి పండుకో, పొద్దుగాల సాంచ నడపాలె గదా అంది, చుట్టూ పురుగులు చెవులు చిల్లులు పడేలా కూస్తున్నాయి, అందుకే కాబోలు ఈమధ్య నేను నోరు తెరిచీ తెరవకముందే కండె అందిస్తోంది, అమ్మ ఎంత చురుకైందో అనుకున్నాను, పిలుపు కోసం కాదు, నా నోటి కోసం చూస్తూ కూర్చుంటోంది, ఆమెకు బయటి పురుగులు వినబడవు, లోపలి చప్పుడు పురుగులది కాదని కూడా ఆమెకు తెలుసు, నేను చెప్పిన అబద్ధాన్ని అమ్మ ఏనాడూ నమ్మలేదు, నేను సాంచలు ఆపాల్సి వస్తుందని నమ్మినట్టు ఉండిపోయింది.