మెడ కింద సుద్దగీత

ఆర్డెన్ బకెట్‌లో సామాన్లు సర్దుతున్నాడు. చిన్న సుత్తి, తీగల బ్రష్, టార్చిలైటు, వీపు కింద పరుచుకునే పాత గోనెపట్టా. సుద్దముక్క మాత్రం ఎప్పుడూ చొక్కా జేబులోనే. ముప్పై ఒక్క ఏళ్ళు ధాన్యం సహకార సంఘం షెడ్డులో వెల్డింగు చేసిన చేతులవి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నల్లబడి మళ్ళీ తెల్లబడలేదు. తెల్లవారుజాము నుంచి ఎడమ భుజం లాగుతోంది. వంకరగా పడుకుని ఉంటాననుకున్నాడు. రెండుసార్లు కాఫీ వేడి చేసుకుని, రెండుసార్లూ తాగడం మరిచిపోయాడు.

ఈ ఇసుక గుట్టల్లో ఎవరైనా, ట్రక్కుకు తగిలించి పశువుల్ని తరలించే గూస్‌నెక్ ట్రెయిలర్ పాతది కొనబోతే ముందు ఆర్డెన్‌ని తీసుకెళతారు. తిరిగి దింపేటప్పుడు గొడ్డుమాంసం పొట్లమో, ఇంట్లో చేసిన యాపిల్ పై ముక్కో ఇస్తారు. ఒంటరివాడు కాబట్టి అది రెండు పూటలకు వస్తుంది.

ఇవాళ జోలీన్ వచ్చింది. ఆమె ఆవులు మేస్తున్న కౌలు బీడు గడువు శుక్రవారంతో అయిపోతుంది. ఇరవై ఆరు ఆవుల్నీ దూడల్నీ నది దాటించి తొంభై మైళ్ళ అవతలికి చేర్చాలి. పాత ట్రెయిలర్ నేల చెక్కలు పోయిన వారమే ఊడిపోయాయి. ట్రక్కు వెనక సీట్లో ఆమె కూతుళ్ళిద్దరి స్వెట్టర్లు పడి ఉన్నాయి. ఇంట్లో చూసేవాళ్ళు లేరు, బడి లేనప్పుడు పిల్లలు ఎక్కడికైనా అమ్మతోనే.

దారిలో ఆర్డెన్ తనకు తెలిసింది ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. రబ్బరు పరుపు ఎత్తి చూడాలి, ఆవుల ఉచ్చ చెక్కను కింద నుంచి తింటుంది. టైరు గళ్ళు చూసి మోసపోకూడదు, పక్కన అచ్చేసిన సంవత్సరం చదవాలి. ట్రెయిలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే తనంతట తాను బ్రేకు వేయించే చిన్న బ్యాటరీ బతికుందో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం మెడ, అంటే ట్రక్కు తొట్టిలోకి వంగి దిగే ఆ ఇనుప దూలం. అది చట్రానికి అతికిన చోట కొత్త రంగు కనిపిస్తే ఇంకాస్త దగ్గరికి వెళ్ళాలి.

అమ్మేవాడు మెర్ల్. అతని ఇంటి ముందు ట్రెయిలర్ ఎర్రగా మెరుస్తోంది. ఈ వసంతంలోనే రంగు వేశాడట. మెర్ల్, ఆర్డెన్ ఒకే బడిలో చదివారు. చెక్కలు గట్టిగానే ఉన్నాయి, టైర్లు పరవాలేదు, లైట్లన్నీ వెలిగాయి. ఆర్డెన్ చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి గోనెపట్టా పరిచాడు.

"ఏరా, కిందికి దూరతావా ఏంటి? నా మాట చాల్లేదా?" అన్నాడు మెర్ల్.

ఇక్కడి పద్ధతి అది. పొరుగువాడి ట్రెయిలర్ చుట్టూ తిరగొచ్చు, టైరును కాలితో తన్నొచ్చు. కిందికి దూరి చూస్తే మాత్రం అతన్ని అబద్ధాలకోరు అన్నట్టే.

"నీ మాట గట్టిదే. ఇనుమేమంటుందో కూడా వినాలిగా."

"నలభై ఏళ్ళ నుంచీ చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం రా."

"ఆ బెంచీ కింద కూడా చూశాన్లే."

మెర్ల్ నవ్వలేదు. జోలీన్ ముఖం ఎర్రబడింది. "వద్దులెండి పెద్దాయనా, ఆయన బాగుందంటున్నారుగా."

"నీ పిల్లలు ఎక్కేది దీన్ని లాగే ట్రక్కేగా అమ్మాయ్," అని ఆర్డెన్ వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు.

పంతొమ్మిదేళ్ళ క్రితం తమ్ముడు డ్వైట్ పొరుగాయన దగ్గర ట్రెయిలర్ కొన్నప్పుడు ఆర్డెన్ ఇలా దూరలేదు. మర్యాద కాదని కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. నది వాలులో మెడ తెగింది. ట్రక్కు, ఆవులు, డ్వైట్ అన్నీ లోయలోకే. అమ్మినాయన శవపేటిక పట్టుకుని ఏడ్చాడు, అతనికీ తెలియదు. ఆ తర్వాత ఆర్డెన్ దూరని ట్రెయిలర్ లేదు. స్నేహితుల్లో సగం మంది అందుకే దూరమయ్యారు.

చూస్తూ నిలబడలేక మెర్ల్, జోలీన్‌ను దూడల దొడ్డి వైపు తీసుకెళ్ళాడు. వెనక నుంచి సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది, అడ్డదూలం తర్వాత అడ్డదూలం, ఖణేల్‌మంటూ.

మెడ మొదట్లో చప్పుడు మారింది. ఆర్డెన్ మళ్ళీ కొట్టాడు. బ్రష్షుతో రుద్దితే ఎర్ర పెచ్చులు కళ్ళలో రాలాయి. రంగు కింద, అతుకు పక్కనే, వెంట్రుకంత సన్నటి తుప్పు గీత, పగులే. బెత్తెడు పొడవు. భుజం నొప్పి దవడ దాకా పాకింది. ముందు ఇది గుర్తు పెట్టాలి అనుకున్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి గీత చుట్టూ సున్నా చుట్టడం మొదలుపెట్టాడు.

దొడ్డి దగ్గర మెర్ల్, "చప్పుడు ఆగింది. నిద్రపోయినట్టున్నాడు మీ పెద్దాయన," అన్నాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ట్రెయిలర్ కింద నుంచి రెండు బూట్లు కనిపిస్తున్నాయి. జోలీన్ వంగి పిలిచింది. మడమ పట్టుకుని కదిపింది. తర్వాత ఎంతసేపటికీ ఆ బూటు వదల్లేదు.

అంబులెన్సు రావడానికి గంట పట్టింది. దానికి తొందరపడే పనేమీ మిగల్లేదు. దాని వెనకే జోలీన్ కూడా వెళ్ళింది.

మెర్ల్ ఒక్కడే వాకిట్లో మిగిలాడు. పదకొండేళ్ళ క్రితం బావమరిది మాట మీద కొన్న ట్రెయిలర్ అది. ఒక్కనాడూ కింద చూడలేదు. గోనెపట్టా ఇంకా అక్కడే ఉంది. దాని మీద మోకాళ్ళూని, వెల్లకిలా పడుకుని, లోపలికి జరిగాడు. టార్చి ఇంకా వెలుగుతోంది.

చాలాసేపటికి బయటికి వచ్చి జోలీన్‌కు ఫోన్ చేశాడు.

"ఇది నీకు అమ్మనమ్మా. ఎవరికీ అమ్మను."

"ఆయనేమైనా చూశారా?" అంది ఆమె.

"చూశాడు," అని పెట్టేశాడు.

శుక్రవారం వచ్చింది, పోయింది. ఆవుల్లో సగాన్ని జోలీన్ సంతలో అమ్ముకుంది. మెర్ల్ వాకిట్లో ట్రెయిలర్ చుట్టూ గడ్డి పెరిగింది. రెండు వానలు పడ్డాయి. మెడ కింద చినుకు తగలని చోట, సగం చుట్టిన సుద్ద సున్నా అలాగే ఉంది.