చచ్చేదాకా కుడుతనన్నవాడు

మస్కట్ పోయి వచ్చినవాళ్లు ఏం తెస్తారో మెట్‌పల్లిలో అందరికీ తెలుసు. టేపురికార్డరు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు, పూల కంబళ్లు తెస్తారు. భూపాల్‌రావు తమ్ముడు బాలకిషన్‌రావు మాత్రం లావుపాటి సూదులు, మైనం రాసిన దారపు ఉండలు, పిడికిట్లో పట్టే ఒక తోలు సంచీ తెచ్చాడు.

సంచీలో ఏవో గింజలున్నాయి. దాన్ని చేత్తో ముట్టకుండా, కింద పడనీయకుండా కాలితో ఎగరేస్తూ ఉండాలి. ఆటంటే అంతే. ఫుట్‌బ్యాగ్ అంటారట. మస్కట్‌లో పక్క మంచం మీద పడుకునే ఫిలిప్పీన్స్ మనిషి ఆడటమూ నేర్పాడు, కుట్టడమూ నేర్పాడు.

నలభై ఏళ్ల మనిషి, దొరల ఇంట్లో పుట్టినవాడు, లుంగీ ఎగ్గట్టి వాకిట్లో ఒంటికాలి మీద గెంతుతుంటే భూపాల్‌రావుకు వాంతి వచ్చినంత పనయ్యేది. ఆయనకు మార్కెట్ దగ్గర రైతుల పసుపును కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఆట వరకైతే పళ్లు నూరుకొని ఊరుకునేవాడే. కానీ బాలకిషన్‌రావుకు ఆట కన్నా కుట్టడం మీదే యావ. పాత బెల్టులు, చినిగిన చేతిసంచులు, అరిగిన చెప్పుల పైతోలు ఏరి తెచ్చి ముక్కలుగా కోసేవాడు. లోపలి వైపు నుంచి కుట్టి, తిరగేసి, ఆవాలు నింపి మూతి మూసేవాడు. ఒక్క కుట్టు వంకర పోయినా మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు.

"బజార్ల బంతులు దొరుకుతలేవా?" అని భూపాల్‌రావు ఒకరోజు అడిగాడు.

"దొరుకుతయ్ అన్నా. గవి నేను కుట్టినయి గావు గదా."

"ఇంకెన్ని రోజులు గీ పిచ్చి?"

"చచ్చేదాకా కుడుత."

గోదావరిలో మునిగి ఒట్టు పెట్టినట్టు అన్నాడు. భూపాల్‌రావు పెద్దగా నవ్వాడు. వానలు పడేలోపు మరిచిపోతాడని అనుకున్నాడు. వానలు పడ్డాయి. తమ్ముడు తోలు ముక్కలు ఎత్తుకొని అరుగు మీద నుంచి నడిమింట్లోకి మారాడు. ఎండలు రాగానే మళ్లీ అరుగు మీదికి వచ్చాడు. అట్లా రెండేళ్లు గడిచాయి.

మార్కెట్ కమిటీకి నిలబడమని అడగడానికి పసుపు రైతులు కొందరు ఇంటికి వచ్చిన రోజున అసలు గొడవ మొదలైంది. కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, భూపాల్‌రావు గొంతు సవరించుకుంటున్నాడు. హనుమండ్లు అనే ముసలి రైతు చూపు అరుగు చివర కూర్చున్న బాలకిషన్‌రావు మీద పడింది.

"దొరా, చిన్నదొర మస్కట్ల చెప్పుల పని జేసిండా?" అని అడిగాడు.

ఆ గొంతులో వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగాడు. అందుకే భూపాల్‌రావుకు ఇంకా మండింది.

వాళ్లు వెళ్లగానే సూదులు, దారాలు, కుట్టినవి, కుట్టాల్సినవి అన్నీ పోగేసి స్నానాల నీళ్లు కాగే పొయ్యిలో పడేశాడు. కాలిన తోలు కంపుకు ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. బాలకిషన్‌రావు తెల్లారి బజారుకు పోయి కొత్త సూది తెచ్చుకున్నాడు.

"తోలు ముట్టిన చేతులు గీ ఇంట్ల బువ్వల పెట్టద్దు. తోలు కావాల్నో, ఇల్లు కావాల్నో చెప్పు," అన్నాడు భూపాల్‌రావు. అంటున్నప్పుడు ఆయన కాళ్లకు కొత్త తోలు చెప్పులు కిర్రుమంటూనే ఉన్నాయి. భార్య జానకీబాయి వాటి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

బాలకిషన్‌రావు సామాను సర్దుకున్నాడు. అతని భార్య సరళాదేవి తలుపు చాటున నిలబడి, "బావా, మీరొక్క మాట ఎనుకకు తీస్కోండ్రి. ఆయన పోడు," అంది.

"మాట ఎనుకకు తీస్కొనుడు మా వంశంల లేదు," అన్నాడు ఆయన.

సరళాదేవి తమ్ముడు నస్పూర్‌లో బొగ్గు గనుల కాంట్రాక్టరు దగ్గర పని చూపించాడు. ఇద్దరూ అక్కడికి వెళ్లిపోయారు. తమ్ముడు ఎట్లున్నాడని ఎవరైనా అడిగితే, "సంచులు కుడుతుండు. సూది, దారం, కంపు తోలు, గంతే వాని బతుకు," అనేవాడు భూపాల్‌రావు. ఆ మాట అనడంలో ఆయనకొక రుచి ఉండేది. తిరగమోతలో ఆవాలు చిటపటమంటే చాలు, లేని తమ్ముణ్ణి ఇన్ని తిట్లు తిట్టి గానీ ముద్ద ఎత్తేవాడు కాదు.

తొంభై మూడులో మంథనిలో మేనబావ కొడుకు పెళ్లికి అన్నదమ్ములిద్దరూ వెళ్లారు. ఆరేళ్ల మీద ఒకరినొకరు చూసుకోవడం అదే. చుట్టాలు కావాలనే ఇద్దరినీ పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చోబెట్టారు. బాలకిషన్‌రావు కాస్త లావెక్కాడు. మునుపటిలా వేళ్లకు సూది పోట్లు లేవు. అది భూపాల్‌రావు వెంటనే చూశాడు.

"కుడుతున్నవా ఇంకా?" అన్నాడు విస్తరిలోకి చూస్తూ.

"ఏంది?"

"గదే. నీ సంచులు."

"అయ్యో, గదా. ఎప్పుడో ఇడిసిపెట్టిన అన్నా. నస్పూర్ పోయిన యాడాదికే."

భూపాల్‌రావు చేయి పప్పన్నంలోనే ఆగిపోయింది. "ఎందుకు?"

"ఏమో. ఒకరోజు సూదిల దారం ఎక్కిస్తుంటే జర ఇసుగనిపించింది. పక్కకు వెట్టిన. మల్ల తియ్యబుద్ధి కాలే."

"చచ్చేదాకా కుడుతనంటివి."

"అంటి. గప్పుడు గది నిజమే అన్నా, అబద్ధం ఆడలే."

ఏ జంకూ లేకుండా చెప్పి, తమ్ముడు ఇంకో బూరె అడిగి వేయించుకున్నాడు. ఇప్పుడు హార్మోనియం నేర్చుకుంటున్నాడట. నస్పూర్‌లో ఒక పంతులు దొరికాడట. వేళ్లు ఇప్పుడిప్పుడే లొంగుతున్నాయట.

కుట్టినన్నాళ్లూ భూపాల్‌రావు తమ్ముణ్ణి ఏవగించుకున్నాడు. మానేశాడని విన్నాక ఆ ఏవగింపు చాలలేదు. ఆ కుట్టుపని వల్లే ఇల్లు రెండు ముక్కలైంది. మొండివాడు, వంశం మొండితనమే పట్టాడు అని లోలోపల ఆయన ఒక సమాధానం చెప్పుకుంటూ ఉండేవాడు. తీరా చూస్తే వీడిది మొండితనం కూడా కాదు, ఒక మూడేళ్ల సరదా. మూడేళ్ల సరదా కోసం తాను ఆరేళ్లు పొయ్యిలా మండుతూ కూర్చున్నాడు. తమ్ముడి మీద పుట్టిన రోత తిరిగి తన మీదికే వస్తుంటే ఆయన బూరెను విస్తరి అంచుకు నెట్టేశాడు.

తిరుగు ప్రయాణంలో, పెద్దపల్లి పోయే బస్సులో జానకీబాయి అడిగింది, "ఏమంటుండు మరిది?"

"పెట్టె వాయిస్తుండట."

"ఇంటికి రమ్మన్నరా మరి?"

"వాడు వస్తే ఒక్కడు రాడు. గా పెట్టె ఎత్తుకొనే వస్తడు."

"రానీయుండ్రి. చెవులు మూస్కుంటే సరి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. వద్దని మాత్రం అనలేదు. నెల తిరక్కుండా జానకీబాయి నస్పూర్‌కు మనిషిని పంపింది.

వాళ్లు వచ్చారు, పెట్టెతో సహా. మొదటి రోజే అరుగు మీద చాప పరుచుకొని బాలకిషన్‌రావు సరిగమలు మొదలుపెట్టాడు. ఒక స్వరం పలికితే రెండు మూలిగాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. చెప్పులు వేసుకొని దుకాణానికి బయలుదేరిన భూపాల్‌రావు మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"గిది ఎన్ని రోజులు?"

"గిది ఇడువ అన్నా. చచ్చేదాకా వాయిస్త."

భూపాల్‌రావు తమ్ముణ్ణి తల నుంచి కాళ్ల దాకా చూశాడు. గోడకు పాకిన బల్లిని చూసినట్టు చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, "జానకీ, వీనికి చాయ్ ఇయ్యి," అని చెప్పి దుకాణానికి వెళ్లిపోయాడు.