బల్ల మీద చప్పుడు

పదకొండేళ్ల కాపురంలో మా మామగారు నోరు తెరిచి టీ అడగడం నేను వినలేదు. వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు తడతారు, అంతే. ఆ చప్పుడుకి ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి లేవాలి. మా అత్తగారి మోకాళ్లు అరిగిపోయాక ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను. బడి నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నా, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నా, నోట్లో రొట్టె ముక్క ఉన్నా లేచేదాన్ని. లేచానని నాకే తెలిసేది కాదు. కాళ్లు ముందు వెళ్లేవి, వాటి వెనకాల నేను వెళ్లేదాన్ని. రెండంతస్తుల కెటిల్లో పైనున్న డికాక్షన్ సగం, కిందున్న వేడినీళ్లు సగం పోసి, గ్లాసు ఆయన కుడిచేతి వైపు పెట్టి వచ్చేదాన్ని. చాలనుకున్నప్పుడు ఆయన గ్లాసు మీద చెంచా అడ్డంగా పెట్టేవారు. చాలు అనడానికి కూడా నోటితో పని లేదు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, టర్కీ నుంచి చదువుకి బెర్లిన్ వచ్చిన మొదటి వారంలో నా పరువు ఆ చప్పుడే తీసింది. పెద్ద హాలు, మెట్లుమెట్లుగా బల్లలు, కింద లోహ్మన్ మేడమ్ కొండవాలు ఎందుకు జారుతుందో చెబుతోంది. సగం అర్థమైంది, సగం రాసుకున్నాను. పాఠం అయిపోయింది, ఆవిడ ధన్యవాదాలు చెప్పింది. అంతే, రెండొందల మంది ఒక్కసారిగా వేలి కణుపులతో బల్లలు తట్టడం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను. నిలబడి ఊరుకున్నా బాగుండేది, రెండు మెట్లు దిగాను కూడా. నా కళ్లు కెటిల్ కోసం వెతికాయి. ముప్పై నాలుగేళ్ల దాన్ని, పదేళ్లు పిల్లలకి భూగోళం చెప్పినదాన్ని, రెండొందల మందికి గ్లాసులు ఎక్కడ సర్దాలా అని ఒక క్షణం నిజంగా ఆలోచించాను.

పక్క సీటులో ఉన్న ఇంకెన్ అనే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "బాత్రూమ్ అటు వైపు," అంది.

తర్వాత కాంటీన్లో తనే చెప్పింది, ఇక్కడ యూనివర్సిటీలో చప్పట్లు కొట్టరు, పాఠం బాగుంటే బల్ల తడతారని. నేనెందుకు లేచానో చెబితే తను నవ్వలేదు. నేనే నవ్వాను. ట్రామ్‌లో ఇంటికి వెళ్తూ కూడా నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఆ తర్వాతే కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తేలలేదు. మొదట నా కాళ్ల మీదే అనుకుంటాను.

నేను వస్తున్నప్పుడు మా ఆయన తుర్గాయ్ అడ్డు చెప్పలేదు. ఆ మాట ఆయనే అందరికీ చెప్పుకుంటాడు. "వెళ్లనిచ్చాను" అంటాడు, కిటికీ తీసి గాలి రానిచ్చినట్టు. స్కాలర్‌షిప్ నాది, పరీక్ష రాసింది నేను, జర్మన్ మూడేళ్లు వంటింట్లో రేడియో పెట్టుకుని నేర్చుకుంది నేను. అయినా వెళ్లనిచ్చింది ఆయన. మామగారు మాత్రం ఒక్కటే అడిగారు. "కొండ జారడం గురించి చదవడానికి కొండలు లేని ఊరికి వెళ్తున్నావా?" ఇల్లంతా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, అబద్ధం ఎందుకు. మా అత్తగారు హమియెత్ మాత్రం నా పెట్టెలో రెండు కిలోల టీ పొడి కుక్కుతూ, "పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది," అని ఊరుకుంది. పదకొండేళ్లలో ఆ మాట నన్ను దెప్పడానికి కాకుండా వాడింది అదొక్కసారే.

చలికాలంలో నా ప్రాజెక్టు విషయం తేలింది. మా రిజే కొండల్లో టీ తోటలున్న వాలుల మీద పగుళ్లు ఎక్కడ మొదలవుతాయి అన్నది. సర్కారు ఆఫీసు మ్యాపుల్లో మా ఊరి వాలు మీద ఒక్క పగులు కూడా లేదు. ఉన్నాయని నాకు తెలుసు, ఎక్కడో తెలియదు. అత్తయ్యకి ఫోన్ చేశాను.

"నన్నెందుకే అడుగుతావు? మీ మామగారిని అడుగు."

"ఆయన ఎప్పుడైనా బుట్ట వీపుకి కట్టుకుని పైకెక్కారా అత్తయ్యా?"

 అత్తయ్య మెల్లగా మొదలుపెట్టింది. అక్రోటు చెట్టు నుంచి ఆకు బస్తాలు కిందికి దించే ఇనుప తీగ స్తంభం దాకా ఒకటి. నువ్వు కాపురానికి వచ్చిన ఏడు వేలు పట్టేది, ఇప్పుడు చెయ్యి పడుతుంది. ఎండిన బావి పక్కన ఇంకొకటి, తుర్గాయ్ కడుపులో ఉన్నప్పుడు అందులో కాలు ఇరుక్కుని పడ్డాను, ఎవరికీ చెప్పలేదు. అలా రోజుకొకటి. ఏ ఏడాదో తారీఖుల్లో ఆవిడకి గుర్తులేదు, అప్పుడు వీపు మీద ఏం మోస్తోందో గుర్తుంది. పదిహేడు పగుళ్లు చెప్పింది. అరిగిన మోకాళ్లతో ఎక్కి ఫోన్‌తో ఫొటోలు కూడా తీసింది. సగం వాటిలో ఆవిడ బొటనవేలే ఉంది. నలభై ఏళ్లలో ఆవిడని ఎవరూ ఏమీ అడగలేదని ఆ ఫోన్లలోనే నాకు తెలిసింది. "టీ ఉందా?" అన్నది తప్ప.

ఏప్రిల్ చివర్లో తుర్గాయ్ ఫోన్ చేశాడు.

"మే పదకొండుకి నీకు టికెట్ తీశాను."

"దేనికి?"

"దేనికేమిటి, కోతకి."

మే నెలలో మొదటి కోత. మా ఊళ్లో ఆ పది రోజులకి కోడళ్లు ఎక్కడున్నా వచ్చి వాలాలి. "ఇస్తాంబుల్ నుంచి మా తమ్ముడి భార్య వస్తోంది. బ్యాంకు మేనేజరు. ఆవిడకి లేని నామోషీ నీకేంటి?" అన్నాడు. నామోషీ కాదు. పద్నాలుగున నేను సెమినార్‌లో మాట్లాడాలి. మాట్లాడకపోతే సెమిస్టర్ పోతుంది, సెమిస్టర్ పోతే స్కాలర్‌షిప్ పోతుంది, అది పోతే నేను మళ్లీ ఆ కెటిల్ దగ్గరికే. ఇదంతా వరసగా చెప్పాను. "ఇంట్లో పని ఉందని చెప్పెయ్యి, వాళ్లూ మనుషులేగా," అన్నాడు. కోత అంటే ఆకు కొయ్యడం ఒక్కటే అయితే నాకు బెంగ లేదు. ఎనిమిది మంది కూలీలకి పొద్దున రొట్టె, మధ్యాహ్నం నల్ల క్యాబేజీ సూపు, చేపల వేపుడు, రోజుకి అయిదుసార్లు టీ. ఏ కోతలో చూసినా నేను కోసిన ఆకు కంటే కాచిన ఆకే ఎక్కువ.

రానన్నాను.  భయం వేసింది, అది దాచను. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

పన్నెండో తేదీకి ఆయనే వచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఆకుపచ్చ పాస్‌పోర్టు, వీసా గొడవ లేదు. సంచీ నిండా మొక్కజొన్న పిండి, చీజ్, ఇంకా టీ. అపార్ట్‌మెంట్‌లో మేం ముగ్గురం ఉంటాం, నేను, ఇంకెన్, యోర్న్ అనే ఇరవై నాలుగేళ్ల అబ్బాయి. మేం వంటగదిలో కూర్చునే సరికి యోర్న్ మోకాళ్ల మీద కూర్చుని బాత్రూమ్ నేల రుద్దుతున్నాడు. తుర్గాయ్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ అబ్బాయి ఏం తప్పు చేశాడు?"

"ఏమీ లేదు. ఈ వారం అతని వంతు." ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించాను.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆయనకి టీ పోసే ఉంచాను, అతిథి కాబట్టి. తాగుతూ చెప్పుకొచ్చాడు. నాన్న మొహం ఎలా చూడాలి. ఊరంతా అడుగుతోంది. ఈ కోతకి రాకపోతే తర్వాత వచ్చినా రానట్టే అంటున్నాడు నాన్న. నాకేం లేదు, నేను నీ వైపే, కానీ మధ్యలో నలిగిపోతోంది నేనే కదా. చెబుతూ చెబుతూ గ్లాసు ఖాళీ చేసి, వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

ఆయన అలా తట్టడం నేను అంతవరకు చూడలేదు. ఊళ్లో అవసరం పడలేదు, వాళ్ల నాన్న తట్టినప్పుడు ఈయన గ్లాసూ నిండేది. నా మోకాళ్లు కదిలాయి. మడమలు నేలకి అదిమిపెట్టి కూర్చున్నాను. ఈలోగా యోర్న్ బ్రష్షు చేత్తో గుమ్మంలోకి వచ్చి, తలుపు చెక్క మీద తనూ రెండుసార్లు తట్టి ఏదో అని నవ్వాడు.

"ఏమంటాడు?"

"నువ్వు టీ బాగుందని మెచ్చుకున్నావనుకున్నాడు. తనకీ కావాలట."

"అయితే పోసివ్వు."

"కెటిల్ నీ పక్కనే ఉంది."

యోర్న్ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి గ్లాసు ఖాళీగా ఉంచడం మా వాళ్ల ప్రాణానికి పడదు. తుర్గాయ్ కెటిల్ అందుకున్నాడు. వేడినీళ్లు కలపాలని తెలియక నల్లటి డికాక్షన్ నిండుగా పోశాడు. నలభై ఏళ్లుగా టీ తాగుతున్న మనిషి, టీ తోటలో పుట్టిన మనిషి. యోర్న్ ఒక గుక్క తాగి, కళ్లు పెద్దవి చేసి, మర్యాదకి మళ్లీ బల్ల తట్టాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తుర్గాయ్ ఆపుకున్నాడు, కాస్త కష్టం మీద.

"పద్నాలుగున నాతో రా. కూర్చుని విను. తర్వాత ఎవరు ఎక్కడికి వెళ్లాలో మాట్లాడదాం," అన్నాను.

వచ్చాడు. చివరి వరసలో, కోటు విప్పకుండా కూర్చున్నాడు. నలభై మంది ఉన్నారు, లోహ్మన్ మేడమ్ ముందు వరసలో. మొదటి రెండు నిమిషాలు నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. మా వాలు తెర మీదకి వచ్చాక కుదురుకుంది. ఆ వాలు నాకు తెలుసు, అక్కడున్న ఎవరికంటే నాకు బాగా తెలుసు. ఒక్కో పగులూ మ్యాపు మీద పెట్టుకుంటూ వెళ్లాను. అక్రోటు చెట్టు, తీగ స్తంభం, ఎండిన బావి. టీ వేళ్లు లోతుకి పోవు, పెద్ద చెట్లు కొట్టేశాక మట్టిని పట్టుకునేది ఏదీ లేదు. పదిహేడూ పెట్టాక అవన్నీ ఒక విల్లులా వంగి, మా ఇంటి పైనే కలిశాయి. ఆ బొమ్మ నేను గీసినప్పుడే చూశాను కానీ, కొండ జారితే ముందు పోయేది మా ఇల్లేనని నలుగురి ముందు చెప్పడం అదే మొదటిసారి.

లోహ్మన్ మేడమ్ అడిగింది. "మ్యాపుల్లో లేవంటున్నారు. మరి నలభై ఏళ్ల వివరాలు ఏ సంస్థ దగ్గర దొరికాయి?"

"హమియెత్ గారి దగ్గర," అన్నాను. "ఆకు కోస్తారు. మా అత్తగారు." చివరి ఫొటో వేశాను. పగులులోకి మణికట్టు దాకా పెట్టిన ఒక ముసలి చెయ్యి, టీ మరకలతో నల్లబడిన వేళ్లు, మూలన ఒక బొటనవేలు.

జర్మన్‌లో ఒక్క ముక్క రాని తుర్గాయ్‌కి ఆ గంటలో అర్థమైన మాట వాళ్లమ్మ పేరు ఒక్కటే. తల ఎత్తాడు. అప్పుడే నలభై మందీ బల్లలు తట్టడం మొదలుపెట్టారు. ఆయన చప్పున నా వైపు చూశాడు, నేను ఎటు పరిగెడతానా అని. నేను ఎటూ వెళ్లలేదు. మనసారా విన్నాను. ఆ చప్పుడు ఇంత బాగుంటుందని ఎవరైనా నాకు ముందే చెప్పి ఉండాల్సింది.

బయటికి వచ్చి కాలవ గట్టు మీద బెంచీలో కూర్చున్నాం. "అమ్మ పేరెందుకు చెప్పావు?" అన్నాడు.

"పని ఆవిడది కాబట్టి."

"ఆ గీతలన్నీ మన ఇంటి పైకే వస్తున్నాయి కదా," అన్నాడు. అది అర్థం కావడానికి జర్మన్ అక్కర్లేదు. అవునన్నాను. ఈ ఎండాకాలం అంతా ఇక్కడే ఉండి లెక్క పూర్తి చేస్తాననీ, రెండో ఏడు కూడా చదువుతాననీ, కోతకి రాననీ చెప్పాను. ఈసారి భయం వేయలేదు. మీ నాన్నకి నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెబుతానని అత్తయ్యకి ఫోన్ కలిపాను. మా ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. మామగారు ఎక్కడ కూర్చుని ఉంటారో నాకు తెలుసు.

ఇంకెన్ రికార్డు చేసి పంపిన చప్పుడు ముందు వినిపించాను. మొత్తం విన్నాక అత్తయ్య అడిగింది.

"అంతమందికీ టీ ఎవరు పోశారే?"

"ఎవరూ పోయలేదు అత్తయ్యా. ఇక్కడ పని బాగుంటే అలా తడతారు. అది మీకు. మీ పదిహేడు పగుళ్లకి."

 ఆ వెంటనే అసలు మాట చెప్పేశాను. "నేను కోతకి రావడం లేదు. ఇక్కడ పని ఉంది."

"తెలుసు," అంది. తర్వాత గొంతు సవరించుకుంది. "కాగితం ఉందా? రాసుకో. పద్దెనిమిదోది ఉంది. మొన్నటి వానకి మేకల పాక వెనకాల తెరుచుకుంది. పొడవు..."

అప్పుడు వినిపించింది, ఆవిడ వెనక నుంచి. టక్ టక్. బెంచీ మీద తుర్గాయ్ బిగుసుకుపోయాడు. నా కాళ్లు కదల్లేదు. ఇద్దరం అక్కడ అత్తయ్య లేచే కుర్చీ కిర్రుమనే చప్పుడు కోసం చూశాం. కుర్చీ కిర్రుమనలేదు. మళ్లీ టక్ టక్.

"ఉండండి," అంది అత్తయ్య, మాతో కాదు. "నేను పని గురించి మాట్లాడుతున్నాను."