అవతలి గట్టు మట్టి

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ముందుగదిలో మంచం మీద వాట్, వంటగదిలో పొయ్యి దగ్గర అతని భార్య డోరీన్, మెట్ల మీద కూర్చుని గుర్రపుస్వారీ బూట్లు తొడుక్కుంటున్న కొడుకు ఫ్రేజర్, మంచం కింద ముసలి కుక్క. నెట్టాని కూడా లెక్కపెడితే ఇంకొకరు. కానీ ఆ ఇంట్లో నెట్టాని ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఎవరైనా ఫోను చేసి ఇంట్లో ఎవరున్నారని అడిగితే "ఎవరూ లేరు, నేనూ ఆయనా" అనేది డోరీన్. అలా అంటున్నప్పుడు ఆమె మొగుడి ఒళ్ళు నెట్టా చేతుల్లోనే ఉండేది.

అప్పుడు కూడా ఉంది. నెట్టా ఒక చేత్తో వాట్ భుజాన్ని తన వైపు వాల్చుకుని, రెండో చేత్తో వీపు తుడుస్తోంది. ఒకప్పుడు ఆ వీపు తలుపంత ఉండేది. ఇప్పుడు ఎముకల మీద చర్మం తడిగుడ్డలా అతుక్కుపోయింది. మిల్లు రంగులగదిలో పీల్చిన గాలి అతని ఊపిరితిత్తుల్ని తినేసింది. నెట్టాది పొట్టి శరీరం, గట్టి భుజాలు. అదే మిల్లులో స్వెటర్లకి మెడలు కుట్టీ కుట్టీ ఆమె కుడిచేతి వేళ్ళ చివర్లు కాయలు కాసిపోయాయి. మిల్లు మూతపడ్డాక నీలం చొక్కా వేసుకుని ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ కాయలు మాత్రం పోలేదు. తగిలినప్పుడల్లా వాట్ ముఖం చిట్లిస్తాడు.

"గీరుకుంటోంది, పిల్లా."

"నా చేతులే అంత. చెయ్యెత్తు."

అరవై దాటిన ఆడదాన్ని కూడా ఆర్క్‌హోప్‌లో మగవాళ్ళు పిల్లా అనే పిలుస్తారు.

"నన్ను హాలుకి తీసుకెళ్ళమన్నాను కదా," అన్నాడు వాట్. ఒక్కో మాటకీ మధ్య, మంచం పక్కనున్న ఆక్సిజన్ యంత్రం గొట్టంలోంచి గాలి పీల్చుకోవాలి. "ఇవాళే ఆఖరు."

మెట్ల మీంచి ఫ్రేజర్ నవ్వాడు. "నాన్నా, నువ్వు మంచం అంచు దాకా రాలేవు. హాలుకెలా వెళ్తావు?"

"అయితే నువ్వెళ్ళు."

"ఇవాళ స్వారీ ఉంది. నేను జెండా పక్కన ఉండాలి. ఎవరో ఒకరు వెళ్తార్లే."

"ఎవరు? ఊరి కమిటీవాళ్ళా?"

"వాళ్ళూ స్వారీలోనే కదా ఉంటారు."

స్కాట్లాండ్ పార్లమెంటుకి నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీస్తున్నారు. కొత్త గీత నది వెంట నడిచి ఆర్క్‌హోప్‌ని రెండు చేసింది. ఇవతలి గట్టు, అంటే బజారూ చర్చీ వాట్ ఇల్లూ ఉన్న వైపు, ఎప్పటిలా కొండల నియోజకవర్గంలోనే ఉంటుంది. అవతలి గట్టు మాత్రం, అంటే మిల్లు గోడా కార్మికుల ఇళ్ళూ చిన్నాసుపత్రీ ఉన్న వైపు, ఎడింబరో శివార్ల దాకా సాగిన ఇంకో నియోజకవర్గంలో తోకలా వేలాడుతుంది. నెట్టా ఇల్లు ఆ తోకలో ఉంది. చిన్నాసుపత్రిని మూసేస్తామని పైవాళ్ళు రెండుసార్లు అన్నారు. రెండుసార్లూ ఊరంతా ఒకే సభ్యుడి గుమ్మం ముందు నిలబడి ఆపించింది. ఇకనుంచి ఆసుపత్రి ఒక సభ్యుడిది, ఊళ్ళో సగానికి పైగా ఓట్లు ఇంకొకడివి. మూడోసారి ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? నెట్టా వాళ్ళమ్మ ఆఖరి వారం ఆ ఆసుపత్రి కిటికీలోంచి తన ఇంటి పొగగొట్టం చూసుకుంటూ పోయింది. రేపు తనకి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో నెట్టాకి తెలియదు.

అభ్యంతరాలున్నవాళ్ళు వచ్చి చెప్పుకోండని ఇవాళ సాయంత్రం దాకా హాలు తెరిచి ఉంచారు. సరిగ్గా ఇవాళే స్వారీ.

ఏటా వేసవిలో ఆర్క్‌హోప్ మగాళ్ళు గుర్రాలెక్కి ఊరి ఉమ్మడి భూమి చుట్టూ తిరిగొస్తారు. ఏ కాలంలోనో ఎవరో ఆ భూమి ఆక్రమించబోయారట. అప్పటినుంచీ కాపలా. పెళ్ళికాని ఓ కుర్రాణ్ణి ఎంచి జెండా ఇస్తారు, అతన్ని కార్నెట్ అంటారు. చిట్టచివరి సరిహద్దు రాయి దగ్గర కార్నెట్ పారతో ఓ గడ్డిపెళ్ళ కోసి, దాన్ని ఎత్తిపట్టుకుని ఊళ్ళోకి వస్తాడు, హద్దు చెక్కుచెదరలేదని. జనం టోపీలు ఎగరేస్తారు. తాగుతారు. ఏడుస్తారు కూడా. ఒకప్పుడు వాట్ కార్నెట్. ఆనాటి పార ఇప్పటికీ ముందుగది గోడ మీద మేకుకి వేలాడుతోంది.

"పిల్లా," అన్నాడు వాట్. "నువ్వెళ్ళు."

ఓట్స్ జావ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన డోరీన్ ఆగిపోయింది. "నెట్టానా? ఇంకా నయం! అక్కడ కోట్లు వేసుకున్న పెద్దమనుషులుంటారు. ఈవిడేం మాట్లాడుతుంది?"

"ఊరు ఒకటే అని చెప్పాలి. అంతే."

"ఆ మాట చెప్పడానికి ఈ ఊళ్ళో మగాళ్ళు లేరా?"

"ఉన్నారుగా, గుర్రాల మీద," అంది నెట్టా.

ఫ్రేజర్ పకపకా నవ్వి, టోపీ దులుపుకుని లేచాడు. "నెట్టా, నువ్వుగానీ మాట్లాడితే ఆ గీత గీసినవాడు భయపడి పెన్సిలు పారేస్తాడు."

"ఒరే, నీ ముడ్డి కడిగినదాన్నిరా నేను. పో, పోయి రాళ్ళని కాపలా కాయి."

తలుపు తెరుచుకుంది. బజారు వైపు నుంచి డ్రమ్ములూ పిల్లనగ్రోవులూ వినిపించాయి. తలుపు మూసుకుంది. కుక్క మంచం కింద ఒకసారి లేచి మళ్ళీ పడుకుంది.

ఆ తరవాత నెట్టా తన ఇళ్ళన్నీ చుట్టింది. ఒకచోట దుప్పట్లు మార్చింది. ఒకచోట పాదాలకి మందు రాసింది. ఇంకోచోట, తన పేరు తానే మరిచిపోయిన టీచరమ్మ జుట్టు దువ్వింది. దువ్వుతున్నంతసేపూ కిటికీలోంచి గుర్రాల గిట్టల చప్పుడు. కొండ ఎక్కుతున్నారు. ఊరు ఖాళీ అయిపోయింది.

పదహారేళ్ళప్పుడు నెట్టా ఇలాంటి ఒక పొద్దున్న కోసం బొగ్గులబండివాడి బూడిదరంగు గుర్రాన్ని అడిగి తెచ్చుకుంది. రాత్రంతా దానికి మాలీషు చేసింది. అన్న పాత కోటు వేసుకుంది, మెడకి అమ్మ నీలం గుడ్డ కట్టుకుంది. అవతలి గట్టు నుంచి వంతెన మీదికి వచ్చేసరికి స్వారీ అంతా ఇవతల నిలబడి ఉంది. ముందు జెండాతో కార్నెట్ వాట్. ఇరవై నాలుగేళ్ళవాడు, తలుపంత వీపు. అతను గుర్రాన్ని అడ్డంగా తిప్పి వంతెనకి అడ్డు నిలబెట్టాడు.

"ఆడపిల్లలు రారు," అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. వెనక రెండు గట్ల మీదా జనం చప్పట్లు కొట్టారు. అవతలి గట్టు ఆడవాళ్ళు కూడా. తన అత్త కూడా. గుర్రాన్ని వెనక్కి తిప్పడానికి వంతెన ఇరుకు, అందుకని దిగి, పగ్గం పట్టుకుని, దాన్ని వెనకడుగులు వేయిస్తూ తీసుకెళ్ళింది. నవ్వులు ఇంటిదాకా వచ్చాయి. ఆ సంవత్సరం మిల్లులో ఆమెకి గుర్రప్పిల్ల అని పేరు పడింది. పెళ్ళయ్యాక మొగుడు కూడా తాగినప్పుడు అలాగే పిలిచేవాడు. అతను పోయి చాలాకాలమైంది, ఆ పేరు కూడా పోయింది. ఇప్పుడు ఆడవాళ్ళు కూడా స్వారీకి వెళ్ళొచ్చు. మోకాళ్ళు అరిగిపోయాక అనుమతి వచ్చింది.

ఆ మాట వాట్ ఎన్నడూ ఎత్తలేదు. రెండేళ్ళుగా ఆమె అతని ఒళ్ళు తుడుస్తోంది, మలమూత్రాలెత్తుతోంది. ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చేసరికి అతను కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచి వంతెన కనిపిస్తుంది.

"వెళ్ళావా?"

"నీ పనయ్యాక వెళ్తాను. నోరు తెరువు."

తల ఎత్తిపట్టి చెంచాతో టీ పోసింది. ఒక చెంచా మింగాడు. కళ్ళు వంతెన మీదే ఉన్నాయి.

"ఆ గుర్రం మంచిదే," అన్నాడు.

"ఏ గుర్రం?"

"బొగ్గులవాడిది. బూడిదరంగుది."

నెట్టా చేతిలో చెంచా ఆగిపోయింది. నలభై ఏళ్ళకి పైగా కడుపులో దాచుకుని, దాచుకుని, చివరికి గుర్రాన్ని మెచ్చుకున్నాడు. గుర్రం సంగతి ఎవడికి కావాలి? ఆ రోజు దాని మీద ఉన్నదెవరు? ఆ మాటలు గొంతులోకి వచ్చాయి. చెంచా అతని నోట్లో పెట్టి, అనేద్దామని ఊపిరి పీల్చుకుంది. టీ లోపలికి పోలేదు. పెదవి మూలనుంచి కారి, గడ్డం మీద పెరిగిన తెల్లవెంట్రుకల్లోకి ఇంకింది.

"వాట్," అంది. మళ్ళీ, "వాట్."

గొట్టంలో గాలి సుయ్యిమంటూనే ఉంది, పీల్చేవాడు లేకుండా.

ఆమె యంత్రం ఆపింది. గడ్డం తుడిచింది. అతని కళ్ళు మూసి, దవడ కింద తువాలు చుట్టి పెట్టింది. పని పనే. తరవాత వంటగదిలోకి వెళ్ళి డోరీన్ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలు, డోరీన్‌కి అర్థమైంది.

డాక్టరు వచ్చి చూసేదాకా నెట్టా కదలడానికి లేదు. డాక్టరు ఎక్కడో దూరపు పొలం ఇంట్లో ఉన్నాడు. ఫ్రేజర్ ఫోను కలవడం లేదు, కొండ మీద కలవదు. గోడ గడియారం కొట్టుకుంటోంది. అక్కడ హాలు తెరిచి ఉంది. ఇంకా తెరిచే ఉంది. నెట్టా దుప్పటి మడత పెడుతూ, విప్పి మళ్ళీ మడత పెడుతూ నిలబడింది. ఎట్టకేలకు డాక్టరు వచ్చి, రెండు నిమిషాలుండి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళాడు. డోరీన్ చెల్లెలికి ఫోను చేసింది. ఏడుస్తోంది.

"ఇప్పుడే పోయాడే... లేదే, ఇంట్లో ఎవరూ లేరే, నేనొక్కదాన్నే."

నెట్టా చేతిలో అప్పుడు వాట్ పాదాలున్నాయి. చల్లబడుతున్న ఆ పాదాలకి మేజోళ్ళు తొడుగుతోంది. రెండోది కూడా తొడిగింది. మడమ దగ్గర ముడత సరిచేసింది. తరవాత లేచి, కుర్చీ జరిపి ఎక్కి, గోడ మీది పార అందుకుంది.

"ఏయ్! అది ముట్టుకోకు!" ఫోను చెవి దగ్గరే ఉంచుకుని డోరీన్ అరిచింది. "ఆడవాళ్ళు ముట్టుకోకూడదది!"

"ఇంట్లో ఎవరూ లేరుగా," అంది నెట్టా. "మరి ముట్టుకున్నదెవరు?"

వంతెన దాటి అవతలి గట్టుకి వెళ్ళింది. మిల్లు గోడ కింద, చిన్నాసుపత్రి కంచె పక్కన, రోడ్డు మొదలయ్యేచోట పార గుచ్చింది. మట్టి తడిగా ఉంది. మోకాలు నొప్పి పెట్టింది. తిట్టుకుంటూ నొక్కింది. కార్నెట్‌ని తిట్టింది, కమిటీని తిట్టింది, నదిని గీత అనుకున్నవాణ్ణి తిట్టింది, చప్పట్లు కొట్టిన అత్తని, ఎప్పుడో పోయిన అత్తని కూడా తిట్టింది. పెళ్ళ ఊడొచ్చింది. గడ్డివేళ్ళు వేలాడుతూ, బరువుగా, పసిబిడ్డంత ఉంది. దాన్ని నీలం చొక్కాకి హత్తుకుని, పార చేత్తో పట్టుకుని, ఇదివరకు తను వెనకడుగులు వేసిన వంతెన మీద ముందుకి నడిచింది.

హాల్లో కుర్చీలు మడతపెట్టి గోడకి ఆనించేశారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న యువకుడొకడు సంచి సర్దుకుంటున్నాడు. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద పరిచిన మ్యాపు. నది వెంట ఎర్రగీత.

"మేడమ్... ఆ పార... దయచేసి కింద పెట్టండి."

"ఇది కొట్టడానికి కాదు. నేను చెప్పడానికొచ్చాను."

"క్షమించాలి. సమయం అయిపోయిందండీ. పొద్దుట్నుంచీ కూర్చున్నాం. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. మీ ఊరివాళ్ళకి అభ్యంతరం లేదని రాసుకున్నాం."

"ఒక్కరూ రాలేదా?"

"ఊళ్ళో పిట్ట లేదు కదండీ. అందరూ గుర్రాలెక్కి ఎక్కడికో వెళ్ళారట. ఎక్కడికి?"

"సరిహద్దు కాపాడుకోవడానికి," అంది నెట్టా.

అతనికి నవ్వు రాబోయింది. ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

నెట్టా పార గోడకి ఆనించి, బల్ల దగ్గరికి నడిచి, గడ్డిపెళ్ళని రెండు చేతులతో ఎత్తి, మ్యాపు మీద, నది మీద, గీత మీద పెట్టింది. మెత్తగా చప్పుడైంది.

"అయ్యో! మేడమ్, మ్యాపు!"

"ఇది అవతలి గట్టుది. ఇదీ ఊరే. వాట్ రుథర్‌ఫర్డ్ చెప్పమన్నాడు. ఇవాళే పోయాడు. వాడు చెప్పమన్నాడని మాత్రమే కాదు, నేనూ చెప్తున్నాను. నా పేరు నెట్టా టర్న్‌బుల్. రాసుకో."

"మీ అభిప్రాయం ఆన్‌లైన్‌లో పంపించవచ్చండీ..."

"నేను పంపేదాన్ని కాను. ఇక్కడే ఉన్నాను. చూడు. ఇక్కడే ఉన్నాను కదా? రాసుకో."

"ముగిసిందండీ. నిజంగా ముగిసింది." మోచెయ్యి పట్టుకోవాలా వద్దా అని అతని చెయ్యి గాల్లో తచ్చాడింది. ఆఖరికి పట్టుకున్నాడు. మర్యాదగానే పట్టుకున్నాడు. కోప్పడలేదు. గుమ్మం దాకా నడిపించాడు, మెట్టు ఉంది జాగ్రత్త అన్నాడు. కొండ మీంచి డ్రమ్ములు దగ్గరవుతున్నాయి, కోసుకున్న పెళ్ళతో స్వారీ తిరిగొస్తోంది. ఆమె వెనక్కి తిరిగేలోపు తలుపు మూసుకుంది. లోపలినుంచి గడియ పడింది.

నెట్టా తలుపు అద్దానికి ముఖం ఆనించింది. మట్టి అంటుతుందని కాబోలు, అతను దాన్ని ముట్టుకోలేదు. దీపాలు ఆర్పి వెనకదారిన వెళ్ళిపోయాడు. చీకటి హాల్లో, బల్ల మీద, వేళ్ళతో సహా ఆ గడ్డిపెళ్ళ. దానిలోంచి దిగిన నల్లటి నీళ్ళు ఎర్రగీత కిందికి మెల్లగా పాకుతూ, కాగితాన్ని రెండు గట్లకీ కలిపి తడుపుతున్నాయి.