దొరతో చెప్పి పంపిన మాటలు

దొర అంటే ఊరిని ఏలిన దొర కాదు, పద్నాలుగేళ్ల ముసలి కుక్క. ఒకప్పుడు అది వీధిలోకి అడుగు పెడితే పాలవాడి నుంచి పేపరువాడి దాకా అందరూ పక్కకి తప్పుకునేవారు. ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడేముంది! వెనక కాళ్లు పట్టు తప్పాయి, కళ్లకి పొర కమ్మింది, చెవులు పోయి రెండేళ్లయింది.

ఆ ఇంట్లో ఉండేది అత్తా కోడలూ. కోడలు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది, అత్త ఇంటిపట్టునే ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన మనిషి, ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు, నాలుగేళ్ల కిందట పోయాడు. ఆ రోజు దొర కనిపించడం లేదని కోడలే అతనికి ఫోన్ చేసి, "తొందరగా రా" అంది. పాపం, తొందరగానే బండి తీశాడు. ఇంటికి మాత్రం చేరలేదు. దొరేమో మెట్ల కింద గోనెసంచి మీద గుర్రుపెట్టి నిద్రపోతోంది. "నా కొడుకుని నువ్వే చంపావు," అంది అత్త, వచ్చినవాళ్లందరి ముందూ. కోడలితో ఆవిడ నేరుగా అన్న ఆఖరి మాట అదే.

మరి ఒకే కప్పు కింద నాలుగేళ్లు మాట్లాడుకోకుండా ఎలా గడిచిందంటారా? దొర ఉందిగా! "దొరా, గ్యాస్ అయిపోయిందని చెప్పు ఆవిడకి." "దొరా, మొన్నే చెప్పాంగా, చెవికెక్కలేదేమో అడుగు." అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే, ఈ ఇంట్లో దుత్తకి నాలుగు కాళ్లూ ఒక తోకా. దానికి చెవుడు వచ్చాకైనా మానారా అంటే, లేదు, ఇంకా గొంతు పెంచారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే కదా. ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకునేవారు.

అలాగని దొరకి లోటు చేశారని అనుకునేరు. కన్నబిడ్డని కూడా ఎవరూ అలా చూసుకోరు. నున్నటి నేల మీద కాళ్లు జారిపోతున్నాయని అత్త పాత దుప్పట్లు చింపి గదంతా పట్టీలుగా పరిచింది. మెడ వంచలేకపోతోందని కోడలు దాని గిన్నె స్టూలు మీదికి ఎక్కించింది. ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయని పగలు అత్త, రాత్రి కోడలు పక్క మార్చేవారు. బయటికి తీసుకెళ్లాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి లేపాలి, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రోజూ సాయంత్రం ఒక కొస అత్త చేతిలో, ఒక కొస కోడలి చేతిలో. దొర పని కానిచ్చేదాకా ఇద్దరూ చెరో దిక్కూ చూస్తూ నిలబడేవారు.

చలికాలం వచ్చేసరికి దొర నొప్పితో మూలగడం మొదలెట్టింది. కోడలు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి మందు తెచ్చింది. ముదురు గోధుమరంగు సీసా, లోపల ఎంతుందో పైకి కనిపించదు. దాన్ని అలమరలో పెట్టి, "దొరా, రోజుకి ఒక్కసారి, ఏదైనా తిన్నాక, ఒక మూతెడు," అని గట్టిగా చెప్పింది. తాను పోస్తానని చెప్పడం ఆమె ఉద్దేశం. తనని పొయ్యమంటోందని అత్త అనుకుంది. రోజంతా ఇంట్లో ఉండేది తనే కదా మరి.

తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేముందు కోడలు ఇంత తినిపించి ఒక మూతెడు పోసేది. తొమ్మిదింటికి అత్త ఇంత తినిపించి ఒక మూతెడు పోసేది.

నెల రావాల్సిన సీసా పదిహేను రోజులకే ఖాళీ. కోడలు దాన్ని ఊపి చూసి, "దొరా, అలమర తుడిచేవాళ్లు సీసా ఒంపెయ్యకుండా తుడవాలని చెప్పు," అంది. అత్తకి ఒళ్లు మండింది. "దొరా, సగం నింపిన సీసా అంటగడితే చూసుకోకుండా తెచ్చుకున్న తెలివైనవాళ్లని అడగమను!" అంది. అయ్యో, ఆ క్షణాన ఎవరో ఒకరు మొహం తిప్పి, 'నువ్వూ పోస్తున్నావా?' అని అడిగి ఉంటే! రెండే రెండు ముక్కలు. కానీ పంతం పంతమే. మర్నాడు కోడలు రెండో సీసా తెచ్చింది.

ఇంకో పది రోజులకి దొర తిండి ముట్టడం మానేసింది. తాగిన నీళ్లు తాగినట్టే కక్కేసింది. కోడలు సెలవు పెట్టింది. ఇద్దరూ దాన్ని తువ్వాల్లో వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్లారు.

డాక్టరమ్మ రక్తం తీసి పరీక్ష చేయించింది. కాగితం చేతికి రాగానే, "మందు రోజుకి ఎన్నిసార్లు పోస్తున్నారమ్మా?" అని అడిగింది.

"ఒక్కసారే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఎప్పుడు?"

"డ్యూటీకి వెళ్లేముందు," అంది కోడలు.

"తొమ్మిదింటికి," అంది అత్త.

డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అత్త బల్ల అంచు పట్టుకుంది.

"కిడ్నీలు రెండూ పోయాయమ్మా. ముసలి ఒళ్లు, రెట్టింపు మందు తట్టుకోలేదు. ఇంటికి తీసుకెళ్తే మూడు నాలుగు రోజులు నరకం. లేదంటే ఇప్పుడే ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తెలియకుండా పంపించొచ్చు. మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి," అని ఆవిడ బయటికి వెళ్లింది.

మాట్లాడుకోవాలట! చివరికి కోడలు వంగి, వినపడని ఆ చెవి దగ్గర నోరు పెట్టింది. "దొరా, ఏం చేద్దామంటారో అడుగు ఆవిడని." ఆమె ఊపిరి తగిలిందేమో, తోక ఒక్కసారి కదిలింది.

"ఇంక నొప్పి పెట్టొద్దని చెప్పు, దొరా," అంది అత్త. ఆవిడ గొంతు మొదటిసారి సన్నగా ఉంది.

ఇంటికి వచ్చాక అత్త తువ్వాలు ఉతికి ఆరేసింది. కోడలు స్టూలు మీది గిన్నె తీసి కడిగింది. నేల మీది పట్టీల జోలికి ఇద్దరూ పోలేదు, వాటి మీదే నడుస్తూ తిరిగారు. కోడలికి ఏడుపు కూడా రావడం లేదు.

దీపాలు పెట్టే వేళకి అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అలవాటుగా గది మూలకి చూసింది. అక్కడ దుప్పటి తప్ప ఏమీ లేదు. అప్పుడు కోడలి మొహంలోకి చూసింది, నాలుగేళ్ల తర్వాత.

"వాణ్ని నువ్వు చంపావన్నాను," అంది. "దీన్ని ఇద్దరం కలిసే చంపాం."

కోడలు కూడా అలవాటుగా ఆ మూలకే తిరిగింది. జవాబు ఇంక ఎవరితో చెప్పి పంపుతుంది?